బడి విడిచిన బాలిక – బడులు నిలిపిన మహిళ

చెన్నపట్నంలో రాజా అణ్ణామలైపురం ప్రాంతాన ఒక రహదారికి ఒక తెలుగు మహిళ పేరున్నది. ఆమె నెలకొల్పిన ఆంధ్రమహిళాసభ భవనాలు ఆ దారిలోనే ఉన్నాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరువలో ఆ సభవారి మహిళా కళాశాల ఉన్నది. దేశ రాజధానిలో ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం వద్ద ఉన్న మెట్రో రైలు స్టేషనుకు సైతం ఆమె పేరే పెట్టారు. ప్రతిదినం వేలాది ప్రయాణికుల నోట పలికే ఆ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

రాజ్యాంగసభ సభ్యురాలిగా, ప్రణాళికాసంఘ సభ్యురాలిగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ఆమెను ఎరుగనివారు తక్కువ. కాని పన్నెండవ ఏట బడి విడిచిపెట్టిన బాలికగా, అదే ఏట ఇరుగుపొరుగు ఆడవారికి తానే బడి పెట్టిన చిన్నారి పంతులమ్మగా ఆమెను ఎరిగినవారు అంతకన్నా తక్కువ. పెద్దయిన దుర్గాబాయి పదవులకు పునాది ఆ చిన్ననాటి దుర్గ పట్టుదలలోనే ఉన్నది. అందుచేత ఈ వ్యాసంలో ఆమె అధిష్ఠించిన పదవుల కన్నా ఆమె చదువు కథకు, ఆడపిల్లల చదువు కోసం ఆమె చేసిన పోరాటానికి ప్రాధాన్యం.

పుట్టిన ఊరు, పుట్టిన కాలం

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. బాల్యం కాకినాడలో గడిచింది.

రాజమహేంద్రవరం అనగానే తెలుగువారికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్మరణకు వస్తారు. గోదావరి ఆనకట్ట ఉన్న ధవళేశ్వరంలో 1874లో ఆయన బాలికా పాఠశాల స్థాపించారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. 1919లో ఆయన మద్రాసులో కన్నుమూసేనాటికి దుర్గకు పదేళ్ళు నిండలేదు. అంటే స్త్రీవిద్య అవసరమా కాదా అన్న వాదం గోదావరి తీరాన అప్పటికి నలభై అయిదేళ్ళుగా సాగుతూనే ఉన్నది. వాదంలో పంతులుగారు గెలిచినా, ఆచారం మాత్రం ఇళ్ళలో ఇంకా ఓడిపోలేదు.

అందుకు దుర్గ జీవితమే నిదర్శనం. ఎనిమిదవ ఏటనే ఆమెకు సంపన్న కుటుంబంలోని బంధువుల అబ్బాయితో వివాహం జరిగింది. అప్పటికి దానిని నిషేధించే చట్టం లేదు. బాల్యవివాహ నిరోధానికి శారదా చట్టం వచ్చింది 1929లో. అది వచ్చిన తరువాత కూడా కాకినాడ పరిసరాల నుంచి ఎందరో తమ పసిపిల్లలను చంకన వేసుకొని పొరుగున ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం చేరి, ఆ చట్టం వర్తించని గడ్డమీద పెళ్ళిళ్ళు జరిపించి వచ్చేవారు. యానాముకు కల్యాణపురమని పేరు వచ్చింది అందుకే. చట్టాన్ని తప్పించుకోవడానికి ఊరు దాటేవారి కాలంలో, చట్టమే లేనినాడు జరిగిన పెళ్ళిని ఒక పిల్ల ప్రశ్నించగలదని ఎవరూ ఊహించి ఉండరు.

పన్నెండేళ్ళ పంతులమ్మ

1920లో గాంధీజీ సహాయనిరాకరణకు పిలుపు ఇచ్చారు. ప్రభుత్వ పాఠశాలలను బహిష్కరించడం అందులో ఒక ముఖ్యాంశం. దేశమంతటా విద్యార్థులు బడులు విడిచి బయటకు వచ్చారు. పన్నెండేళ్ళ దుర్గ కూడా, బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని విధించడాన్ని నిరసిస్తూ చదువు మానివేసింది.

ఇంతవరకు చేసినవారు ఎందరో ఉన్నారు. దుర్గ తరువాత చేసిన పనిలోనే ఆమె ప్రత్యేకత ఉన్నది. గాంధీజీ సంకల్పంతో 1918లో మద్రాసు కేంద్రంగా దక్షిణాదిన హిందీ ప్రచారం మొదలై తెలుగు పట్టణాలకు వ్యాపించింది. దుర్గ హిందీని శ్రద్ధగా అభ్యసించి, తాను నేర్చినది తనతోనే ఆగిపోరాదని భావించి, ఇరుగుపొరుగు బాలికలను, గృహిణులను చేర్చి బాలికా హిందీ పాఠశాల పెట్టింది. బోధించే పంతులమ్మ పరికిణీ వయసు పిల్ల. ఎదుట కూర్చున్నవారిలో తల్లి వయసువారు ఉన్నారు. మగవారి సభకు, మగవారి బడికి వెళ్ళే వీలులేని ఆడవారు పొరుగింటి పిల్ల దగ్గరకు మాత్రం వెళ్ళగలిగారు. స్త్రీవిద్యకు అడ్డుగా నిలిచినవి రెండు. ఒకటి బడి దూరం, రెండవది బడి పట్ల భయం. ఈ చిన్న పాఠశాల రెండింటినీ ఒక్కసారే తొలగించింది. దుర్గాబాయి తరువాత జీవితంలో నడిపిన ప్రతి సంస్థలోను ఈ సూత్రమే కనబడుతుంది.

1921లో గాంధీజీ కాకినాడకు వస్తున్నారని తెలిసినప్పుడు ఆ బాలికకు మరొక ఆలోచన తోచింది. ఊరిలోని దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలి. బహిరంగసభకు వారు రాలేరు, రానీయరు. ఆయన వారి కొరకు ప్రత్యేకంగా కొద్ది నిమిషాలు కేటాయించాలని దుర్గ నిర్వాహకులను అర్థించింది. 5,000 రూపాయల నిధి సమకూర్చితే చూద్దామన్నారు వారు. చిన్నపిల్ల అంతటితో ఊరుకుంటుందని వారి నమ్మకం కావచ్చు. దుర్గ ఆ స్త్రీల దగ్గరకే వెళ్ళింది. వారే ఆ సొమ్ము కూడబెట్టారు. గాంధీజీ వచ్చారు. అనుకొన్న వ్యవధి దాటి మాట్లాడారు. ఆయన హిందీ మాటలను తెలుగు చేసినది దుర్గే. ఆ అనువాదం నచ్చి, పిమ్మట జరిగిన బహిరంగసభలో కూడా ఆమె చేతనే తమ ఉపన్యాసాన్ని తెలుగు చేయించారు. సంఘం వెలివేసిన స్త్రీల పక్షాన నిలిచి మాట్లాడడమే ఆ వయసుకు పెద్ద సాహసం. వారి చేతనే వారి పని సాధింపజేయడం అంతకన్నా పెద్ద వివేకం.

టిక్కెట్టు లేనిదే ప్రవేశం లేదు

1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగింది. దానికి అనుబంధంగా ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వయంసేవికగా పద్నాలుగేళ్ళ దుర్గను నియమించారు. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదన్నది ఆమెకు ఇచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన వద్ద టిక్కెట్టు లేదు. దుర్గ ఆపివేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమెను మందలించారు. మీరు చెప్పిన పనినే చేస్తున్నానని ఆమె సమాధానం. చివరకు వారు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే నెహ్రూ లోనికి వెళ్ళారు. ఆ పిల్ల కర్తవ్యనిష్ఠను ఆయన మెచ్చుకొన్నారు.

ఈ ఉదంతాన్ని పాఠ్యపుస్తకాల్లో చిన్న కథగా చెప్పి వదిలివేయడం పరిపాటి. దీనికి ముప్పై ఏళ్ళ తరువాత జరిగిన ముగింపు ఒకటి ఉన్నది. 1953 జనవరి 22న దుర్గాబాయికి, రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరుగా పనిచేసి నాడు కేంద్ర ఆర్థికమంత్రిగా ఉన్న చింతామణ్ దేశ్‌ముఖ్ గారికి వివాహం జరిగినప్పుడు సాక్షి సంతకం చేసినవారిలో ఆనాడు ద్వారం వద్ద ఆగిన నెహ్రూగారు ఒకరు.

ఈ నడుమ ఆమె తీసుకొన్న మరొక నిర్ణయం మాత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. పదిహేనేళ్ళ ప్రాయంలో, కాపురానికి వెళ్ళవలసిన సమయాన, తన మార్గం వేరని, తాను గృహిణిగా ఇమడలేనని, మరొకరిని వివాహం చేసుకొమ్మని భర్తకు స్వయంగా తెలియజేశారు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజులలో ఒక ఆడపిల్ల ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో, ఆమెను వెనుకవేసుకొని రావడానికి ఆ తండ్రికీ అంత ధైర్యం కావాలి. ఆడపిల్లల పోరాటాల చరిత్రలో ఇంటిలోని ఇటువంటి తండ్రుల పేర్లు తరచు మరుగున పడిపోతాయి.

కారాగారం నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి మద్రాసులో ఆ ఉద్యమంలో పాల్గొన్నారు. 1930, 1933 సంవత్సరాల మధ్య మూడు పర్యాయాలు ఆమె జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించారు.

జైలులో ఆమెను కలచివేసింది తన శిక్ష కాదు, తోటి ఖైదీల అజ్ఞానం. ఎందరో స్త్రీలు తమపై మోపిన నేరమేమిటో తెలియకనే శిక్ష అనుభవిస్తున్నారు. తాము చేయని నేరాన్ని సైతం న్యాయస్థానంలో ఒప్పుకొని వచ్చినవారు ఉన్నారు. చదువు లేదు, వారి పక్షాన మాట్లాడేవారు లేరు. చదువురాని మనిషికి న్యాయస్థానం కూడా ఒక మూసిన తలుపే అని ఆమె అక్కడ గ్రహించారు. న్యాయశాస్త్రం చదివి ఇటువంటివారికి అండగా నిలవాలన్న సంకల్పం ఆ జైలు గోడల మధ్య కలిగింది.

మళ్ళీ పలక పట్టిన వేళ

న్యాయశాస్త్రం చదవాలంటే పట్టభద్రురాలు కావాలి. దానికి ముందు మెట్రిక్యులేషను గట్టెక్కాలి. ఇరవై ఏళ్ళు దాటిన యువతి, జైలు నుంచి వచ్చిన నాయకురాలు, తాను పన్నెండవ ఏట వదలిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఏ భాషా మాధ్యమాన్ని నిరసించి బడి విడిచారో, పై చదువుల కోసం ఆ ఇంగ్లీషునే కష్టపడి సాధించవలసి వచ్చింది. దానిని ఆమె ఓటమిగా భావించలేదు. పరాయి భాషను పసిపిల్లల నెత్తిన రుద్దడం వేరు, అవసరం తెలిసిన మనిషి దానిని తానుగా నేర్చుకోవడం వేరు. ఈ రెండింటి తేడా ఆమె జీవితంలో స్పష్టంగా కనబడుతుంది. బడి విడిచినప్పుడు ఆమె వెంట దేశమంతా ఉన్నది, ఉద్యమం ఉన్నది, చప్పట్లు ఉన్నాయి. తిరిగి పుస్తకం పట్టినప్పుడు ఆమె ఒంటరి. అందుచేత ఆ రెండవ ధైర్యమే మొదటి ధైర్యం కన్నా గొప్పదని చెప్పాలి.

కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను, ఆపై ఇంటర్మీడియెట్ ఉత్తీర్ణులైన తరువాత రాజనీతిశాస్త్రం చదవాలన్నది ఆమె అభిలాష. అది పురుషులు చదివే శాస్త్రమన్న భావం కాశీలో అడ్డు వచ్చింది. ఆమె వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించారు. ఆనాటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. సీటు ఇవ్వడానికి అభ్యంతరం లేదు, కాని స్త్రీలకు వసతిగృహం లేదు. వసతి లేని కారణంగా ఆడపిల్లలు చేరరు, ఆడపిల్లలు చేరని కారణంగా వసతి కట్టరు. ఈ చిక్కుముడిని ఆమె పత్రికా ప్రకటనతో విప్పారు. విశ్వవిద్యాలయంలో చదవగోరి, వసతి లేక ఆగిపోయిన యువతులు తనను సంప్రదించవలసిందని ప్రకటించారు. కొందరు ముందుకు వచ్చారు. అందరూ కలిసి తామే ఒక వసతి ఏర్పరచుకొన్నారు. విశ్వవిద్యాలయం తలుపు తెరవక తప్పలేదు. తనకు ఒక్క సీటు అడిగి తీసుకొని వెళ్ళిపోయి ఉంటే ఆమె ఒక విద్యార్థిని మాత్రమే అయ్యేవారు. 1939లో ఆనర్సు పట్టం, ఆపైన మద్రాసులో న్యాయశాస్త్ర పట్టం పొంది, 1942లో న్యాయవాదవృత్తి చేపట్టారు.

బృందావనం నుంచి మహిళాసభకు

ఈ చదువు పూర్తికాక ముందే మద్రాసులో ఆమె మరొక పని మొదలుపెట్టారు. మైలాపూరులో పరిసరాల చిన్నపిల్లలను, బాలికలను చేర్చి నడిపిన చిన్న సంఘానికి ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అని పేరు. ఆ పిల్లల వెనుక వారి అక్కలు, తల్లులు, పెద్దమ్మలు వచ్చారు. చిన్ననాడే చదువు ఆగిపోయినవారు, భర్త పోయి పుట్టింట ఉన్నవారు, ఒకరిపై ఆధారపడి బ్రతకలేమనుకొన్నవారు వారిలో ఉన్నారు. వారికి దుర్గాబాయి తాను నడిచిన దారినే చూపారు. కాశీ మెట్రిక్యులేషను పరీక్షకు వారిని తయారుచేసే తరగతులు ప్రారంభమయ్యాయి. 1937లో ఆంధ్రమహిళాసభ వెలసింది ఈ విధంగా. తరువాత వసతిగృహం, వృత్తిశిక్షణ, వైద్యశాల, ఉపాధ్యాయ శిక్షణ, కళాశాల ఒకటొకటిగా తోడైనాయి. సభ పక్షాన ‘ఆంధ్రమహిళ’ పత్రిక వెలువడింది.

తెలుగునాడు నుంచి వచ్చి తమిళనాట స్థిరపడిన కుటుంబాలకు ఈ సభ ఒక పుట్టిల్లు వంటిది. మగవాడు ఉద్యోగానికో వ్యాపారానికో పరాయి ప్రాంతం వస్తే అతనికి పదిమంది పరిచయమవుతారు. వెంట వచ్చిన ఇల్లాలికి నాలుగు గోడలే లోకం. తన భాషలో మాట్లాడే పదిమంది ఆడవారు కలిసే చోటు, అదే చోట చదువు, ఆ చదువుకు తోడు జీవనోపాధి దొరకడం ఆనాటి తెలుగు గృహిణికి ఎంతటి ఊరటో ఊహించవచ్చు.

ఈ సభ చరిత్రలో ఒక ఘట్టాన్ని ప్రత్యేకంగా స్మరించాలి. దుర్గాబాయి చిన్ననాడు వద్దనుకొన్న భర్త, మరొక వివాహం చేసుకొని, 1941లో మరణించారు. నిరాదరణకు గురైన ఆయన రెండవ భార్య చివరకు దుర్గాబాయినే ఆశ్రయించారు. దుర్గాబాయి ఆమెను ఆదరించి, మహిళాసభలో చదువు, చేతిపనులు నేర్పించారు. పిమ్మట ఆమె హైదరాబాదులో హస్తకళల శిక్షకురాలిగా తన కాళ్ళపై తాను నిలబడ్డారు. తాను ఒక బంధం నుంచి బయటపడిన స్త్రీ, అదే ఇంటిలో నష్టపోయిన మరొక స్త్రీకి చదువు రూపంలో చేయి అందించడం కన్నా ఉదాత్తమైన సంఘటన అరుదు.

చట్టసభలో, ప్రణాళికలో

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగసభకు ఎన్నికయ్యారు. ఆ సభలో పాల్గొన్న మహిళలు 15 మంది. సభాధ్యక్షుల వరుసలో స్థానం పొందిన ఒకే ఒక మహిళ ఆమె.

స్వతంత్ర భారతదేశపు తొలి జనాభా లెక్కలు 1951లో వచ్చాయి. పురుషులలో అక్షరాస్యులు నూటికి 27 మంది. స్త్రీలలో 9 మంది కూడా నిండలేదు. అంటే పదకొండుమంది స్త్రీలలో సుమారు పదిమందికి తమ పేరు తాము వ్రాయడం రాదు. రాజ్యాంగం వోటు ఇచ్చిన స్త్రీకి ఆ వోటు చీటీ చదవడం రాని స్థితి అది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాన్ని ప్రారంభించింది. చిన్నప్పుడు బడి మానవలసివచ్చిన స్త్రీలను చేర్చి, కొద్ది సంవత్సరాలలోనే పరీక్షకు సిద్ధం చేసి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా శిక్షణ పొందే అర్హత కల్పించడం దాని లక్ష్యం. మైలాపూరు తరగతులే ఇక్కడ దేశవ్యాప్త రూపం ధరించాయి. గ్రామాలలో ఆడపిల్లల బడికి పంతులమ్మ దొరకదు, పంతులమ్మ లేనిదే తల్లిదండ్రులు పిల్లను పంపరు. మధ్యలో ఆగిన స్త్రీలను చదివించి పంతులమ్మలను చేస్తే ఒక్క దెబ్బకు రెండు సమస్యలు తీరుతాయి. వాల్తేరు వసతిగృహపు చిక్కుముడిని విప్పిన ఉపాయమే ఇది కూడా.

అదే 1958లో భారత ప్రభుత్వం ఆమె అధ్యక్షతన జాతీయ స్త్రీవిద్యా సంఘాన్ని నియమించింది. 1959లో ఆ సంఘం నివేదిక సమర్పించింది. స్త్రీవిద్యను సాధారణ విద్యలో ఒక భాగంగా వదలివేయక, చాలాకాలం పాటు ప్రత్యేక సమస్యగా పరిగణించాలని, బాలబాలికల చదువు మధ్య ఉన్న అంతరాన్ని వీలైనంత త్వరగా పూడ్చాలని అది కోరింది. ఆ సిఫారసు ఫలితంగానే జాతీయ స్త్రీవిద్యా మండలి ఏర్పడింది. దానికీ ఆమె తొలి అధ్యక్షురాలు. అక్షరాస్యతకు చేసిన సేవకు 1971లో నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1981 మే 9న ఆమె దివంగతులయ్యారు.

నేటి తరానికి

2011 జనాభా లెక్కల నాటికి భారత స్త్రీలలో అక్షరాస్యత నూటికి 64 దాటింది. అరవై ఏళ్ళలో ఇది సామాన్యమైన ప్రగతి కాదు. అయినా అదే లెక్కలలో పురుషుల సంఖ్య నూటికి 80 పైగా ఉన్నది. 1959 నివేదిక పూడ్చమన్న అగాధం సన్నగిల్లిందే కాని పూడలేదు. ఇంటిపని చూసుకోవాలని, తమ్ముడిని ఎత్తుకోవాలని, మంచి సంబంధం వచ్చిందని ఎనిమిదో తరగతిలోనో పదో తరగతిలోనో బడి మాన్పించే ఆడపిల్ల నేటికీ కనబడుతూనే ఉన్నది. రెక్కల కష్టంపై బ్రతికే కుటుంబాలలో ఆ నిర్ణయం వెనుక దుర్మార్గం కన్నా దారిద్ర్యమే ఎక్కువ. అందుకనే దుర్గాబాయి తల్లిదండ్రులను నిందించడంలో కాలం గడపలేదు. బడిని ఇంటి దగ్గరకు తెచ్చారు. వసతి చూపారు. చదువు చివర ఉపాధి ఉంచారు. ఆగిపోయినవారికి రెండవ తలుపు తెరిచారు.

డెబ్బై అయిదేళ్ళుగా తెలుగు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించిన పాఠశాల ప్లాటినం ఉత్సవ వేళ ఈ చరిత్రను తలచుకోవడంలో ఔచిత్యం ఉన్నది. మాతృభాషలో చదువుకొనే హక్కు కోసం పన్నెండేళ్ళ వయసులో బడి విడిచిన పిల్ల కథ, పరాయి ప్రాంతంలో మాతృభాషా పాఠశాలను నిలుపుకొంటూ వచ్చిన వారికి పరాయి కథ కాదు. కాని ఆ కథ అక్కడితో ముగియలేదని పిల్లలకు తప్పక చెప్పాలి. విడిచిన చదువును ఆమె విడిచిన చోటనే వెదకి పట్టుకొన్నారు. పట్టుకొన్న తరువాత తలుపు తన వెనుక మూసుకోనీయలేదు.

ఏ కారణం చేతనైనా చదువు మధ్యలో ఆపిన పూర్వ విద్యార్థిని ఈ పుటలు చదువుతూ ఉంటే, ఆమెకు దుర్గాబాయి జీవితం చెప్పే మాట ఒక్కటే. పలక పట్టడానికి వయసు మించిపోవడమంటూ లేదు. బడిలో ఉన్న బాలిక చదువుతూ ఉంటే, ఆమెకు చెప్పే మాట మరొకటి. నీవు నేర్చిన అక్షరాన్ని పొరుగింటి తలుపు దాకా తీసుకొని వెళ్ళు. ఒక పన్నెండేళ్ళ పిల్ల మొదలుపెట్టిన పని అదే.